ఉడికీ ఉడకని ఖీమా

ముందే చెప్పేస్తున్నాను, నేను బాగున్నాను. బాగుండడమే కాదు, పోయిన ఒళ్లంతా తిరిగొచ్చి కిందటేడు కుట్టించుకున్న జాకెట్లు పట్టడం లేదు. జబ్బు కథలు రాసేవాళ్లు చదివేవాళ్ల ప్రాణాన్ని చివరిదాకా గుప్పిట్లో పెట్టుకుంటారు. నేను పిల్లలకు ఎక్కాలు చెప్పుకునేదాన్ని, నాకా విద్య రాదు.

ఇది రాయడానికి కారణం వేరే ఉంది. మా వికారాబాద్‌లో నా జబ్బు గురించి చాలా కథలు తిరుగుతున్నాయి. స్కూలు గేటు దగ్గర ఒక తల్లి అయితే, "టీచర్, మీకెవరో మందు పెట్టిన్రంట గదా" అని చెవిలో అడిగింది. చర్చిలో ఒకామె పాస్తా అనే తిండే విషమని తేల్చేసింది. నాకెవరూ మందు పెట్టలేదు. పాస్తా ఏ పాపమూ ఎరగదు. ఉడకాల్సింది ఉడకలేదు, చెప్పాల్సింది చెప్పలేదు. ఆ రెండూ కలిసి నన్ను చావు గడప దాకా తీసుకుపోయాయి. ఇంకెవరూ ఆ దారిలో పోకూడదని రాస్తున్నాను. రాస్తే నా గుండె దడ కూడా కాస్త తగ్గుతుందని ఆశ.

ఆదివారం

బడులు తెరిచిన కొత్త. వానలు పడలేదు. ఎండ మే నెలను మించి కాస్తోంది. ఆ రోజు మా అమ్మాయి స్నేహ పుట్టినరోజు. ఏడో తరగతికి వచ్చింది కదా, కేకు చిన్నపిల్లల తిండి అయిపోయింది దానికి.

"కేకు వద్దు. పాస్తా చెయ్యి డాడీ, ఖీమా ఏసి" అని వాళ్ల నాన్నను అడిగింది. నన్ను అడగలేదు. మా ఇంట్లో వంట బాగా వచ్చినది ఆయనకే.

మా ఆయన పేరు దాసు. ఇళ్లలో తాండూరు బండలు పరిచే మేస్త్రీ. బండ సమంగా కూర్చుందో లేదో లెవల్ పెట్టకముందే వేళ్లతో తడిమి చెప్పేస్తాడు. ఆ వేళ్ల మీద ఆయనకు దేవుడి మీద ఉన్నంత నమ్మకం. ముందు రోజు పని మీద తాండూరు పోయి, వాళ్లమ్మ రూతమ్మ దగ్గర పడుకున్నాడు. పొద్దున్నే అక్కడి కొట్లో పెద్దకూర కొని, మిషన్లో కొట్టించి ఖీమా చేయించుకుని బస్సెక్కాడు. మా ఇళ్లలో దున్నపోతు మాంసాన్ని పెద్దకూర అంటారు. ఆ బస్సు దారిలో చెడిపోయింది. ఇంకోటి దొరికి ఇల్లు చేరేసరికి మేం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, ఒక కునుకు కూడా తీశాం. అంతసేపూ ఆ ఖీమా కవరు ఆయన ఒళ్లో ఎండకు మగ్గింది.

పెద్దకూర అంటే మాకు ముక్కలే. కుక్కర్ కూసీ కూసీ అలిసిపోవాలి. తర్వాత ఒక ముక్కను రెండు వేళ్ల మధ్య పట్టి నొక్కితే నలిగిపోవాలి. మా అత్తమ్మ అలాగే చూస్తుంది, ఆమె తల్లీ అలాగే చూసేదట. ఖీమా వండటం మాత్రం ఆ ఇంటా వంటా లేదు.

ఇంకో సంగతి చెప్పాలి. మేముండేది అద్దెకు. పైఅంతస్తులో ఓనరమ్మ సుజాత ఆంటీ, ఆమె భర్త, కొడుకు ఉంటారు. కుల్కచర్ల దగ్గర భూములున్న కుటుంబం. వాళ్ల ఇంట్లో కోడికూర, యాటకూర అంటే మేక మాంసం, అంతవరకే. మేం ఏం తింటామో వాళ్లు అడగలేదు, మేం చెప్పలేదు. పెద్దకూర వండే రోజు కిటికీలన్నీ మూసేస్తాం. వండి, తిని, గిన్నెలు తోమి, ఇల్లు ఫినాయిలు వేసి తుడిచేస్తాం. ఆ రోజు వాళ్లు పెళ్లికి పోయారు. సాయంత్రానికి వస్తారు. వాళ్లొచ్చేలోపు అయిపోవాలి.

స్నేహ ఫోన్‌లో వంట వీడియో పెట్టి పట్టుకుని నిలబడింది. దాసు ఉల్లిగడ్డ, ఎల్లిపాయ, టమాటా, కారం వేసి అందులో ఖీమా వేశాడు. గరిటె తిప్పుతూనే పిలిచాడు.

"సువార్తా, జర ఉప్పు చూడు."

వేళ్ల మీద ఉన్న నమ్మకం ఆయనకు నాలుక మీద లేదు. ఉప్పు ఎప్పుడూ నేనే చూడాలి. స్పూనుతో తీసుకుని నోట్లో వేసుకున్నాను. తక్కువైంది అన్నాను. వేశాడు. మళ్లీ చూశాను. సరిపోయింది. ఆ కారం, ఆ టమాటా పులుపు నాకు నచ్చి, అడక్కుండానే ఇంకో స్పూను తిన్నాను. పొయ్యి మీద పడీ పడని ఖీమా అది. టమాటా ఎరుపు, కారం ఎరుపు కలిసిన దాంట్లో పచ్చి మాంసం ఎరుపు ఎవరికి కనపడుతుంది?

బయట గేటు చప్పుడైంది. కారు లోపలికి వచ్చింది. దాసు గబగబా ఇంత ఖీమా తీసి వేళ్లతో నొక్కాడు.

"చూడు, ఎన్న లెక్క అయింది. దించుతున్న."

వెన్నలా కాక ఎలా ఉంటుంది? పొయ్యెక్కకముందు కూడా అది మెత్తగానే ఉంది కదా. ఈ ముక్క ఇప్పుడు రాస్తుంటే నాకు నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం ఉడికిన పాస్తా గొట్టాల్లో కలుపుకుని ముగ్గురం "అబ్బ" అనుకుంటూ తిన్నాం.

బుధవారం

స్నేహకు, దాసుకు ఒక పూట కడుపు ఉబ్బరించి ఊరుకుంది. నాకు బుధవారం పొద్దున స్కూల్లో, ఏడో ఎక్కం చెబుతుండగా కడుపులో మెలిపెట్టింది. మధ్యాహ్నానికి ఇల్లు చేరాను. బాత్రూంలో రక్తం చూశాను. అంతకుమించి ఆ సంగతి వర్ణించను, చదివేవాళ్లు అన్నం తినాలి కదా.

మెట్ల మీద కూలబడి ఉంటే సుజాత ఆంటీ చూసింది. "అయ్యో, గిదేంది సువార్తా, మొహమంతా గట్లయింది?" అంటూ కొడుకుతో కారు తీయించి ఆస్పత్రికి తీసుకుపోయింది. దాసుకు ఫోన్ కూడా ఆమే చేసింది. బయట ఇనుప కుర్చీల్లో ఆమె భుజం మీద తల పెట్టుకుని కూర్చున్నాను. అంతకుముందు మేమెప్పుడూ ఒకే సోఫాలో కూడా కూర్చోలేదు.

డాక్టర్ పిలిచేసరికి దాసు వచ్చాడు, ఒంటినిండా బండల దుమ్ముతో.

"ఈ నాలుగైదు రోజుల్లో ఏమేం తిన్నారమ్మా?" అని అడిగారు డాక్టర్.

దాసు నా వైపు చూశాడు, ఆంటీ వైపు చూశాడు. "బయట పానీపూరీ తిన్నది సార్" అన్నాడు.

నేనేం చేశాను? అంత నొప్పిలోనూ తల ఊపాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటారేమో, ఈ బజారంతా తెలుస్తుందేమో అన్న భయం కడుపునొప్పి కంటే పెద్దదిగా ఉంది. వికారాబాద్‌లో మాకు అద్దెకు ఇల్లు దొరకడం ఎంత కష్టమో మాకు తెలుసు.

"గీ పానీపూరీలు తినకున్రి అంటే ఎవరింటరు" అని ఆంటీ నా వీపు నిమిరింది. ఆ చెయ్యి చల్లగా, ఎంతో హాయిగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. నొప్పికి ఏడుస్తున్నాననుకుంది పాపం.

విరేచనాలు కట్టడానికి మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపారు.

శుక్రవారం

విరేచనాలు కట్టాయి. అమ్మయ్య అనుకున్నాం. కాని మూత్రం కూడా కట్టింది. శుక్రవారం పొద్దున అద్దంలో చూసుకుంటే నా మొహం నాదిగా లేదు, పొంగిన పూరీలా ఉంది. మళ్లీ అదే కారు, అదే ఆస్పత్రి. ఈసారి ఇంటికి పంపలేదు, మంచం ఇచ్చారు.

రక్తం రిపోర్టు చూసి డాక్టర్ మొహం మారింది. "పానీపూరీకి ఇంత కాదు. ఇంకేమైనా తిన్నదా? బాగా ఆలోచించి చెప్పండి" అన్నారు. దాసు నేల వంక చూస్తూ నిలబడ్డాడు. జావ తెచ్చిన ఆంటీ ఫ్లాస్కు పట్టుకుని పక్కనే ఉంది. నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

అప్పుడే తాండూరు బస్సు దిగి మా అత్తమ్మ వచ్చింది. కొడుకు ఫోన్లో ఏడుస్తూ అంతా చెప్పాడట. చేతి సంచి మంచం కింద పడేసి, డాక్టరు ఎదురుగా నిలబడింది.

"వీళ్లు చెప్పరు గని నేను చెప్త సార్. పెద్దకూర తిన్నది. ఖీమా కొట్టిచ్చి పాస్తల ఏసిండు నా కొడుకు. మంచిగ ఉడికియ్యలే. ఇంకా పచ్చిగ ఉన్నప్పుడే ఇది ఉప్పు చూసిందంట."

వార్డంతా మా వైపు తిరిగింది. దాసు "అమ్మా" అన్నాడు, నోరు మూయించేట్టు.

"ఏందిరా అమ్మ? ఉన్నదున్నట్టు చెప్తే పాణమన్న దక్కుతది. గీ సిగ్గు నీ పెండ్లాన్ని బతికిస్తదా? మా తాతల నాటి సంది తింటున్నం, ఎన్నడన్న ఏమన్న అయిందా? కూరతోని గాలే, ఉడకనిదాంతోని అయింది."

డాక్టర్ కనుబొమ్మ కూడా ఎత్తలేదు. "ఈ మాట బుధవారమే చెప్పాల్సింది" అని మాత్రం అన్నారు. ఆ మాత్రలు వెంటనే ఆపించారు, ఇంకేవో రక్తపరీక్షలు రాశారు. తర్వాత దాసును పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. ముక్క మాంసానికి సూక్ష్మజీవులు ఎక్కువగా పైపైనే ఉంటాయట, వేడి తగలగానే చస్తాయి. మిషన్లో వేస్తే పైనున్నదంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే ఖీమా లోపలి దాకా ఉడకాలి. ఎండలో మగ్గితే అవి ఇంకా పెరుగుతాయి. వాటి విషం ఇప్పుడు నా కిడ్నీల మీద పడింది.

"తిరిగి పని చేస్తయా సార్?" అని అడిగాడు దాసు.

"చాలామందికి చేస్తాయి. చూద్దాం" అన్నారు డాక్టర్. ఆ "చూద్దాం" అన్న మాట నేను బతికున్నంతకాలం మర్చిపోను.

ఈ సందట్లో సుజాత ఆంటీ ఫ్లాస్కు బల్ల మీద పెట్టి, చప్పుడు చేయకుండా వెళ్లిపోయింది. ఇల్లు పోయింది అనుకున్నాను. ప్రాణమే పోయేట్టుంటే ఇంటి గురించి ఏడవడమేంటని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ తర్వాతి వారం

కింది అంతస్తులో రక్తం శుభ్రం చేసే మిషన్లున్నాయి. రోజు విడిచి రోజు నన్ను అక్కడికి తీసుకుపోయేవారు. ఆ గదిలో చలి ఎక్కువ, మాటలు తక్కువ. నాకు చావంటే భయం వేసింది. బాగా వేసింది. "దేవుని చిత్తం" అని చర్చిలో ఎన్నిసార్లు పాడానో, కాని ఆ మంచం మీద మాత్రం "నీ చిత్తం తర్వాత చూద్దాం తండ్రీ, ముందు నా కిడ్నీలు నాకియ్యి" అని బేరం పెట్టాను. స్నేహ జడ ఎవరు వేస్తున్నారో అన్న ఆలోచన ఒక్కటే తిరిగేది బుర్రలో.

నీళ్లు తాగనిచ్చేవారు కాదు. దాహంతో నాలుక అట్టముక్క అయిపోయేది. పెద్దేముల్ నుంచి భర్తను తీసుకుని ఆటోలో వచ్చే ఒక అవ్వ ఉండేది. కూలిపని మానుకుని వస్తుంది. నా అవస్థ చూసి తన సంచిలోంచి ఉతికిన బట్ట తీసి తడిపి ఇచ్చింది.

"మింగకు బిడ్డా, పెదవులకు అద్దుకో. మా ముసలాయన గిట్లనే చేస్తడు. ఫికర్ చెయ్యకు, నువ్వు పడుచుదానివి, నీది మళ్ల తిరుగుతది."

మా వాళ్ల సంగతి వేరే. అత్తమ్మ కొడుకును పొద్దున లేస్తే మొదలుపెట్టి తిట్టేది. "నీ ఏళ్లు బండలకు పనికొస్తయి గని కూరకు గాదురా." ఆయన వరండాలో గోడకు ఆనుకుని కూర్చునేవాడు, తినమంటే లేచిపోయేవాడు. చివరికి నేనే అన్నాను. "అత్తమ్మా, నువ్వు ఆయన్ని తిట్టి చంపితే నేను లేచి ఎవరితో కొట్లాడాలె?" ఆమె మూతి తిప్పుకుంది కాని, ఆ సాయంత్రం కొడుక్కి తనే కలిపి ముద్దలు పెట్టింది. మంచం మీంచే తలుపు సందులోంచి చూశాను. నలభై ఏళ్ల మనిషి, తల్లి చేతి ముద్ద తింటూ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు.

ఇక సుజాత ఆంటీ. వెళ్లిపోయిందనుకున్న మనిషి మర్నాడు స్నేహను వెంటబెట్టుకుని వచ్చింది. దానికి నున్నగా దువ్వి రెండు జడలు వేసి ఉన్నాయి. "పైన మా ఇంట్ల పండుకుంటున్నది. బడికి పంపుతున్న. నువ్వు దీని గురించి ఆలోచన పెట్టుకోకు" అంది. మాంసం మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను.

తర్వాత ఒక పొద్దున పొత్తికడుపులో ఏదో బరువుగా అనిపించింది. నర్సమ్మ గిన్నె పెట్టింది. వచ్చింది! కొంచెమే. మా అత్తమ్మకు అది చాలు. కొలిచే సీసాను దీపంలా రెండు చేతులతో పట్టుకుని వార్డు మధ్యలో నిలబడి అరిచింది.

"పోసింది! నా కోడలు పోసింది!"

ఒకాయన సెలైన్ చేత్తోనే చప్పట్లు కొట్టాడు. ఎవరో నవ్వారు, ఎవరో "దేవునికి స్తోత్రం" అన్నారు. నర్సమ్మ "అమ్మా, అది ఇటియ్యి, కొలవాలి" అని వెంట పడుతోంది. దాసు వరండాలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఏళ్ల తరబడి పిల్లలు పాసైతే చప్పట్లు కొట్టాను. మూత్రం పోసినందుకు నాకు చప్పట్లు పడతాయని కలలో కూడా అనుకోలేదు. సిగ్గుగా ఉంది, గొప్పగా కూడా ఉంది. రోజురోజుకూ సీసా నిండింది. మిషన్ దగ్గరికి పోవడం ఆగింది.

ఇంటికొచ్చాక

నాలుగు అడుగులు వేస్తే ఆయాసం. సగం వర్షాకాలం మంచం మీదనే గడిచింది. ఒక సాయంత్రం ఆంటీ జొన్నరొట్టె తెచ్చిపెట్టి కూర్చుంది. ఇంక ఉండబట్టలేక అడిగేశాను.

"ఆంటీ, ఇల్లు ఖాళీ చెయ్యాల్నా?"

"ఎందుకు?"

"మేం తినేది మీకు తెలిసింది గదా."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీరు దిగిన మొదటి నెలలనే తెలుసు నాకు. ముక్కున్నది గదా. ఎర్రటి ఎండల ఆదివారం నాడు కిటికీలన్నీ మూస్తే, చలిపెట్టి మూసిన్రనుకుంటనా?"

చేతిలో రొట్టె ముక్కను పళ్లెంలో పెట్టేశాను.

"మా ఇంట్ల అది పడదు. మా ఆయన ముందట ఆ మాట ఎత్తను గూడ ఎత్తను. మీ పొయ్యి మీదిది మీ ఇష్టం. కని నాకు తెలుస్తదని భయపడి ఉడకనిది తిని, డాక్టరు ముందట గూడ నోరు మూసుకుంటే... నేను గంత చెడ్డదాన్నా, సువార్తా?"

ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చెడ్డది కాదు. మంచిదని నమ్మే ధైర్యం మాకు లేకపోయింది, అంతే. ఆ ధైర్యం ఎందుకు లేకపోయిందో అదొక పెద్ద కథ, దానికి ఆమె ఒక్కతే జవాబుదారీ కాదు. ఇద్దరం చేతులు పట్టుకుని కూర్చున్నాం.

దసరా సెలవుల్లో

డాక్టర్ రిపోర్టు చూసి, "అంతా మామూలే. మందులూ వద్దు, తిండికి పథ్యమూ వద్దు. ఇంక మీరు నా దగ్గరికి రావద్దు" అన్నారు. ఆస్పత్రి మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగాను.

ఇంట్లో ఒకటే మిగిలింది. దాసు అప్పటి నుంచి గరిటె ముట్టలేదు. స్నేహ మాంసం వాసనకే బయటికి పోయేది. నేను గెలిచి వచ్చింది పప్పుచారు తింటూ భయపడి బతకడానికా? "ఆదివారం ఖీమా పాస్తా చెయ్యి" అన్నాను.

"నా చేతిది వద్దు" అన్నాడు.

"నన్ను పండబెట్టింది నీ చెయ్యి గాదయ్యా, మన భయం. చేస్తవా, నన్ను చెయ్యమంటవా? నేను చేస్తే మాడుతది."

చేశాడు. ఎలా చేశాడో రాస్తాను, ఎందుకంటే దీని కోసమే ఇదంతా రాశాను. కూర కొన్నది అప్పటికప్పుడే, మంచుగడ్డలు వేసిన డబ్బాలో తెచ్చాడు. తెచ్చిన వెంటనే పొయ్యెక్కించాడు. పచ్చి మాంసం తగిలిన గిన్నె, స్పూను పక్కన పెట్టి, చేతులు సబ్బుతో కడుక్కున్నాకే ఉల్లిగడ్డ ముట్టాడు. ముందు ఖీమా ఒక్కటే, కాసిన్ని నీళ్లు పోసి, ముద్దలు లేకుండా చిదిపి, కుక్కర్లో పెట్టాడు. కుతకుత ఉడికి నీళ్లు ఇంకి, నడుమ కూడా ఎక్కడా ఎరుపు లేదని తెల్లగిన్నెలో వేసి చూశాకే టమాటా, కారం. వేలితో నొక్కి చూడటం ఖీమాకు పనికిరాదు. రంగు కూడా ఒక్కోసారి మోసం చేస్తుందని డాక్టర్ చెప్పారు, అందుకే మాకు కాస్త ఎక్కువ ఉడికినా పరవాలేదు. ఉప్పు అంతా అయ్యాకే చూశాం.

కుక్కర్ కూసింది, మళ్లీ మళ్లీ కూసింది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. పైనుంచి ఎవరూ దిగిరాలేదు. సుజాత ఆంటీ బాల్కనీలో బట్టలు ఆరేస్తూ, "దాసూ, ఇంకో రెండు కూతలు రానియ్యి" అని మాత్రం అంది.

తాండూరు నుంచి అత్తమ్మ వచ్చింది. "గీ గొట్టాలేందిరా, నోట్లె జారుతున్నయి" అంటూనే ప్లేటు ఖాళీ చేసింది. స్నేహ నా మొహం చూస్తూ కూర్చుంది. నేను మొదటి ముద్ద మింగాక, అది ఒక్క గొట్టం తీసుకుని నమిలింది. తర్వాత గిన్నె తన వైపు లాక్కుంది. దాసు తినలేదు. నన్ను చూస్తూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున బాత్రూం తలుపు తీసి బయటికి వచ్చేసరికి ముగ్గురూ తలుపు ముందర వరసగా నిలబడి ఉన్నారు. దాసు చేతిలో ఆటో అతనికి చెయ్యడానికి ఫోన్ ఉంది. అత్తమ్మ సంచి సర్దుకుని భుజాన వేసుకుంది. స్నేహ నా చెప్పులు పట్టుకుని ఉంది.

"ఏందీ, గిట్ల నిలబడ్డరు?"

"ఏం కాలే గదా?" అన్నాడు దాసు.

"ఏం కాలే" అన్నాను. "ఫ్రిజ్‌ల నిన్నటిది మిగిలిందా? ఉంటే మంచిగ మసలబెట్టి తే. ఆకలైతున్నది."